విమానానికి గాలి పట్టింది

శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దాని ముందు తిరగేసిన ఆయిల్ డబ్బా మీద కూర్చునే బాలమణికి లోకంలో ఎవరి పనీ నచ్చదు. షోరూమ్ మెకానిక్కులంటే అసహ్యం, వాళ్లు పానా పట్టుకోరట, కంప్యూటర్ ఏం చెబితే అది చేస్తారట. ఫంక్షన్ హాళ్ల మేనేజర్లంటే ఒళ్లు మంట. జనరేటర్లో డీజిల్ ఉందో లేదో చూసుకోరు, పెళ్లికొడుకు పీటల మీద కూర్చున్నాక ఫోన్ చేసి "అక్కా, జల్దీ రా, పరేషాన్‌ల ఉన్న" అని ఏడుస్తారు. ఇక ఫోన్లో వీడియోలు చూసి ఇంజన్లు విప్పేవాళ్ల సంగతి అడగనే వద్దు. అలాగని ఆమె ఎవరినీ తిట్టదు. ముక్కుతో "హుఁ" అంటుంది, అంతే. ఆ "హుఁ" వినడం కంటే నాలుగు తిట్లు తినడం నయమని ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు.

ఆ "హుఁ" ఆమెకు ఊరికే రాలేదు. తండ్రి సత్తయ్య బావుల కాలంలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. పదేళ్ల కూతుర్ని సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, పానాల సంచి ఆమె మెడకే తగిలించి, పొలాల వెంట తిప్పేవాడు. ఇంజన్ ఆగిందంటే డీజిల్ గొట్టం విప్పి నోటితో పీల్చాలి. వస్తున్నది డీజిలో, నీళ్లో, గాలో నాలుకతోనే చెప్పాలి. పదిసార్లలో తొమ్మిదిసార్లు జబ్బు ఒకటే. ఎక్కడో ఒక నట్టు వదులై గొట్టంలోకి గాలి దూరుతుంది, ధార తెగుతుంది, ఇంజన్ ఆగుతుంది. "గాలి పట్టింది" అనేవాడు సత్తయ్య. నట్టు బిగించి, గాలి వదిలించి, ఇంజన్ తిప్పి ఇచ్చేవాడు.

మనిషికి గాలి పట్టిందంటే వేరే సంగతి. అప్పుడు వేపమండలు, నిమ్మకాయలు, మంత్రగాడు కావాలి. ఇంజన్‌కు గాలి పట్టిందంటే పదమూడో నంబరు పానా ఒకటి చాలు. ఈ రెండింటికీ తేడా తెలియని రైతులు సత్తయ్య మాట విని ఇంజన్ల చుట్టూ నిమ్మకాయలు తిప్పిన రోజులున్నాయి. సత్తయ్య ఓపిగ్గా కూర్చుని వాళ్లకు విడమరిచి చెప్పేవాడు. బాలమణి తండ్రి దగ్గర అన్నీ నేర్చుకుంది, ఆ ఓపిక ఒక్కటి తప్ప.

పెళ్లయిన నాలుగేళ్లకు భర్తను కూడా పనికిరాని స్పేర్ పార్టు కింద తేల్చి, చంకలో పిల్లతో పుట్టింటికి వచ్చేసింది. బావులు పోయి బోర్లు వచ్చాయి, ఆయిల్ ఇంజన్లు పాత సామాన్ల వాడి బండెక్కాయి. ఆమె జనరేటర్లకు, మందు కొట్టే పంపులకు, రిసార్టుల్లో గడ్డి కోసే మిషన్లకు మళ్లింది. చంకలో పిల్ల రోజారాణి డిగ్రీ చదివి ఇప్పుడు నరసింహ వెంచర్ సైటు ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఇరవై రెండేళ్లు, నలభై మూడు కిలోలు. బాలమణి ఇంతవరకు "హుఁ" అనని మనిషి ఆ పిల్ల ఒక్కతే.

ఆ వెంచర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వచ్చే దారిలో నరసింహ తాతలు జొన్నలు పండించిన భూమి అది. నరసింహ దానికి రాజకోట ద్వారంలాంటి ఆర్చి కట్టించి, అరవై అడుగుల రోడ్డు పోయించి, హద్దురాళ్లు పాతించి ప్లాట్లు చేశాడు. ఇళ్లు మాత్రం రాలేదు. కిలోమీటరు పొడవునా నున్నటి సిమెంటు రోడ్డు మీద చుట్టుపక్కల రైతులు మక్కజొన్నలు ఆరబోసుకునేవారు. ఆ రోడ్డు చూసే నరసింహ కొడుకు అన్వేష్‌కు విమానం ఆలోచన పుట్టింది. బీటెక్ చదివి మూడేళ్లుగా ఏమీ చేయని కుర్రాడు, విదేశం నుంచి పెట్టెల్లో విడిభాగాలు తెప్పించి పశువుల కొట్టంలో రెండు సీట్ల విమానం బిగించాడు. మొదట్లో తండ్రి నెత్తీ నోరూ బాదుకున్నాడు. తర్వాత ఆయనకే తోచింది, వెంచర్ మీద విమానం తిరిగితే జనం వస్తారు, జనం వస్తే ప్లాట్లు కదులుతాయి అని. ఢిల్లీ దాకా తిరిగి, ఒక్క ఆదివారం వెంచర్ హద్దుల్లో ఎగరడానికి కాగితం తెచ్చుకున్నాడు. పైనుంచి కరపత్రాలు వెదజల్లాలి. నడపడం నేర్చుకొచ్చిన అన్వేషే విమానం నడుపుతాడు, అతని బరువు పోను రెండో సీటుకు మిగిలింది యాభై కిలోలు. ఆఫీసులో ఆ తూకానికి సరిపోయింది రోజారాణి ఒక్కతే.

"ఎక్కుతవా? గా రేకుడబ్బలనా?" అని అడిగింది బాలమణి.

"ఎక్కుత. ఆఫీసుల వాటర్ క్యాన్లు దించుకునుడేనా అమ్మా నా బతుకు? ఒక్కసారి పైకెళ్లి మన షెడ్డు సూస్త."

"నడుమ నడుమ ఇంజన్ ఆగుతాందట గదనే."

"ఆగుతాంది. గందుకే నిన్ను పిలువుమని నేనే జెప్పిన. నువ్వు సూసి మంచిగున్నదంటె ఎక్కుత. లేదంటె ఎక్క. నీ మాట మీదనే ఉన్న."

బాలమణికి ఇంకేం కావాలి! గురువారం పొద్దున్నే పానాల సంచి స్కూటీ ముందు పెట్టుకుని బయల్దేరింది.

పశువుల కొట్టం ముందు విమానం తెల్లగా నిలబడి ఉంది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో నరసింహ తల్లి సత్యమ్మ కూర్చుంది, ఎనభై దాటిన మనిషి. అన్వేష్ ఎదురొచ్చి, "ఆంటీ, ఫ్యూయల్ ఫ్లో ప్రాబ్లమ్. పంప్ మార్చినం, ప్లగ్గులు మార్చినం, కార్బురేటర్ మూడుసార్లు క్లీన్ జేసినం" అని ఏకరువు పెట్టాడు.

"పెట్రోలు అందుతలేదు అను. గంతే గద?" అంది బాలమణి. "మరి పెట్రోలు ఎక్కడిదాక వస్తాందో సూసినవా?"

అన్వేష్ ఫోన్ తీసి ఏదో గ్రాఫు చూపించబోయాడు. బాలమణి "హుఁ" అని ముందుకు నడిచింది.

సీట్ల వెనక ప్లాస్టిక్ ట్యాంకు, దాని మూత విమానం పక్కకు పొడుచుకొచ్చి ఉంది. మూత మీద వంపు తిరిగిన సన్నటి రాగి గొట్టం. ట్యాంకు నుంచి పైపు ఫిల్టర్లోకి, ఫిల్టర్ నుంచి పంపులోకి, పంపు నుంచి ఇంజన్‌లోకి. ఆయిల్ ఇంజన్‌కు దీనికి తేడా ఏముంది? రెక్కలు, అంతే. ఫిల్టర్‌కు పంపుకు మధ్య నల్ల పైపు పీకి, ఆస్పత్రిలో సెలైన్ గొట్టంలా లోపలిది కనబడే పైపు తగిలించింది. విమానం తోకను ట్రాక్టర్‌కు కట్టించి ఇంజన్ తిప్పమంది. పైపులో పెట్రోలుతో పాటు సోడాలో వచ్చినట్టు సన్నటి బుడగలు. ఒక్కో అతుకు మీద కాస్త గ్రీజు పూస్తూ పోయింది. ఫిల్టర్ మొదట్లో ఉన్న క్లిప్పు మీద పూయగానే బుడగలు ఆగాయి. క్లిప్పు వదులు. పాతది తీసి, కొత్తది వేసి బిగించింది. ఇంజన్ అరగంట నిండు జోరున తిరిగింది, ఒక్కసారి కూడా దగ్గలేదు.

"గాలి పట్టింది," అని చేతులు దులుపుకుంది. "గంతే. ఇంత సదువు సదివి, మూడు నెలలసంది పీకుతున్నరు. ఒక్క క్లిప్పు బిగియ్యరాలె."

అన్వేష్ ముఖం మాడిపోయింది. చుట్టూ చేరిన పనివాళ్లు నోటికి తువ్వాళ్లు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు సత్యమ్మ, ఆ గాలి ఎటునుంచి దూరిందో విందామని కుర్చీలోంచి కాస్త ముందుకు వంగింది.

"గాలా? ఎటుకెళ్లి సొచ్చిందే బాలమణీ?"

బాలమణి సర్ఫు నీళ్లలో మోచేతుల దాకా కడుక్కుంటోంది. ముసలిదానికి క్లిప్పులు, పైపులు చెబుతూ కూర్చునే తీరిక ఎవరికుంది? తడిచేయి విదిలించి ట్యాంకు మూత మీది రాగి గొట్టం వైపు చూపించింది.

"నోట్లెకెళ్లి సొచ్చిందవ్వా. గట్ల నోరు దెరుసుకోని ఉంటె సొరదా మరి? నోరు మూస్తె సొరకపోవు!"

అందరూ గొల్లున నవ్వారు. నవ్వించినందుకు బాలమణి కూడా సంబరపడింది.

"నీ పిల్ల గూడ ఎక్కుతుందంట గదా?" అంది సత్యమ్మ నవ్వకుండా.

"ఎక్కుతది. ఇగ ఏం గాదు, నువ్వు పండుకో పో అవ్వా."

శుక్రవారం సత్యమ్మ చేతుల మీదుగా విమానానికి పూజ జరిగింది. అది మేడ్చల్ మార్కెట్ నుంచి వచ్చిన పూలదండలతో, ఫ్యాను రెక్కల మీద, టైర్ల మీద, తలుపుల మీద పసుపు కుంకుమ బొట్లతో కొత్త ట్రాక్టర్‌లా తయారైంది. శనివారం చివరిసారి నడిపి చూడ్డానికి వచ్చిన బాలమణి ఆ వాలకం చూసి మొహం తిప్పుకుంది. "దీన్ని ఎగరేస్తరా, ఊరేగిస్తరా?" అని గొణిగింది.

తోకను మళ్లీ ట్రాక్టర్‌కు కట్టారు. నరసింహ వచ్చాడు, ఆయన వెనక ఆరుగురు వచ్చారు, వాళ్లకు చాయ్ వచ్చింది. రోజారాణి కరపత్రాల సంచి భుజానికి తగిలించుకుని రేపటి కోసం రిహార్సల్ చేస్తోంది. ఇంజన్ జోరందుకుంది. పది నిమిషాలు బాగానే ఉంది. పన్నెండో నిమిషంలో గొంతు మారింది, దగ్గింది, ఆగిపోయింది.

"ఆంటీ, మళ్లా గాలి పట్టిందా?" అన్నాడు అన్వేష్. వాడి మూతి చివర నవ్వు బాలమణి చూడకపోలేదు.

"ఏం గెలికినవ్?"

"నేనేం గెలకలే."

"హుఁ."

కాసేపాగి తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ తిరిగింది. మళ్లీ పన్నెండు నిమిషాలకు ఆగింది. బాలమణి పైపు చూసింది, బుడగ అన్నది లేదు. క్లిప్పు ఉడుంపట్టులా ఉంది. ఫిల్టర్ విప్పి ఊదింది, శుభ్రంగా ఉంది. పైపు నోట్లో పెట్టుకుని పీల్చి ఉమ్మింది, నీటి చుక్క కూడా కలవలేదు. పంపును ఒక్క నిమిషం నడిపి రెండు లీటర్ల సీసాలోకి పెట్రోలు పట్టింది, ధార బొటనవేలంత లావున వచ్చింది. పెట్రోలు వస్తోంది, గాలి లేదు, చెత్త లేదు. అయినా ఇంజన్ ఆగుతోంది. తండ్రి చెప్పిన ఆ తొమ్మిదిసార్ల జబ్బు ఇది కాదు. పదోసారి వచ్చేది ఏమిటో ఆమెకు తెలియదు.

"ఊకె బోరు మోటర్లు జేసుకునేదాన్ని తోలుకొచ్చి విమానం మీద వడేస్తిరి," అన్నాడు నరసింహ చాయ్ గ్లాసు కింద పెడుతూ. ఆమెకు కాదు, పక్కవాళ్లకు చెప్పాడు. కానీ గట్టిగానే చెప్పాడు.

బాలమణి చెవులు కాలిపోయాయి. ఇన్నేళ్లలో ఆమె ముందు ఇలా ఎవరూ అనలేదు. రోజారాణి దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది, "అమ్మా, రేపు ఎక్కాల్నా, వద్దా?"

బాలమణి ఒంగి మళ్లీ పైపు పీకింది. ఈసారి పైపును పెద్ద క్యానులో పెట్టి, పంపును ఆపకుండా వదిలేసింది. మొదటి రెండు నిమిషాలు ధార లావుగానే ఉంది. నాలుగో నిమిషానికి సన్నబడింది. ఏడో నిమిషానికి దారమంత అయింది, తర్వాత చుక్కలు. పంపు మాత్రం కీచుమంటూ తిరుగుతూనే ఉంది. ట్యాంకులో పెట్రోలు అయిపోయిందేమో చూద్దామని మూత పట్టుకుంది. మూత కదల్లేదు. రెండు చేతులూ వేసి బలంగా తిప్పింది.

సుర్రుమని ట్యాంకు గాలి పీల్చుకుంది. నీళ్లలో మునిగి పైకి తేలిన మనిషి పీల్చినట్టు, అంత పొడుగు శ్వాస. లోపలికి పీక్కుపోయిన ప్లాస్టిక్ టక్కున పొంగింది. క్యానులో ధార మళ్లీ బొటనవేలంత అయింది.

బాలమణికి సంగతి తెలిసిపోయింది. ట్యాంకులోంచి పెట్రోలు ఎంత పోతే అంత గాలి లోపలికి రావాలి, రాకపోతే పెట్రోలు కదలదు. ఆ గాలి వచ్చేదారే మూత మీది సన్నటి గొట్టం. మూత తిప్పి చూసింది. గొట్టం నోట్లో పసుపు, పిండి కలిపిన ముద్ద ఎండి రాయిలా ఉంది. దాని మీద వేలిముద్ర కూడా స్పష్టంగా ఉంది. పొద్దుట్నుంచి ఆ పసుపు ఆమె కళ్ల ముందే ఉంది. నూట ఎనిమిది బొట్లలో ఒక బొట్టు అనుకుంది, మొహం తిప్పుకుంది. పన్నెండు నిమిషాలు! రేపు ఈపాటికి ఆ పన్నెండో నిమిషం ఆకాశంలో వచ్చేది, రోజారాణి లోపల ఉండేది.

భయం అంతా ఒక్కసారిగా కోపమైంది. మూత పట్టుకుని నేరుగా సత్యమ్మ కుర్చీ దగ్గరికి పోయింది.

"అవ్వా, గిది నువ్వేనా వెట్టింది?"

"నేనే," అంది సత్యమ్మ గర్వంగా. "పసుపుల ఇంత పిండి కలిపి, గట్టిగ వొత్తి వెట్టిన. నువ్వే జెప్తివి గదనే, గాలి నోట్లెకెళ్లి సొచ్చింది, నోరు మూస్తె సొరదని. నీ పిల్ల గూడ ఎక్కవట్టె, ఒక్కతే బిడ్డాయె. ఎవ్వరు మూసేటట్టు లేరని నేనే..."

మాట పూర్తి కాలేదు. చాయ్ తాగుతున్న ఆరుగురూ విరగబడి నవ్వారు. "నానమ్మా, నీకు బుద్ధుందా! జర్రుంటె సచ్చిపోతుంటిమి," అని అరిచాడు అన్వేష్. "ముసలిది, పాతకాలం మనిషి. దానికేం తెల్వది, ఇడిసిపెట్టు బాలమణీ," అన్నాడు నరసింహ, కన్నతల్లి ఎదురుగానే. సత్యమ్మ ఒకసారి అందరి ముఖాలూ చూసింది. తర్వాత కొంగు సర్దుకుని తల వంచుకుంది.

బాలమణి ఒక్క మాట అనాల్సిన చోటు అదే. నేనే చెప్పాను, ఆమె తప్పు లేదు అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ బోరు మోటర్లు చేసుకునేది అన్న మాట ఇంకా చెవుల్లో మోగుతోంది, ఇప్పుడిప్పుడే జబ్బు కనిపెట్టిందన్న పేరు చేతికొచ్చింది. మనసు ఒప్పలేదు. జాకెట్టుకున్న పిన్నీసు తీసి గొట్టంలో పసుపు పొడుచుకుంటూ కూర్చుంది.

సాయంత్రం స్కూటీ మీద వెనక కూర్చున్న రోజారాణి శామీర్‌పేట చెరువు దగ్గరికి వచ్చాక అడిగింది.

"అవ్వకు నువ్వే జెప్పినవా అమ్మా, నోరు ముయ్యమని?"

"పరాష్కానికన్ననే. గామె నిజమనుకుంటదని నాకేమెరుక?"

"అందరు గామెను నవ్వుతుంటె సూసుకుంట కూసున్నవ్."

బాలమణి బండి వేగం పెంచింది. కాసేపటికి తానే అడిగింది, "రేపు ఎక్కుతవ్ గదా? ఇగ మంచిగున్నది, నేను జెప్తున్న."

"నీ మాట మీద ఎక్క. నీ మాట మీదనే గద అవ్వ గూడ మూసింది. నడిపి సూపెట్టు, గప్పుడు ఎక్కుత."

ఆదివారం పొద్దున ఆరింటికే బాలమణి విమానం దగ్గర ఉంది. మూత విప్పి రాగి గొట్టానికి నోరు పెట్టి ఊదింది. గాలి అడ్డం లేకుండా పోయింది. మరోసారి ఊదింది. తోక ట్రాక్టర్‌కు కట్టి, రోజారాణి కళ్లెదుట నలభై నిమిషాలు ఇంజన్ తిప్పించింది. తర్వాత ఆ పిల్ల ఏమీ అనకుండా సీటెక్కి బెల్టు పెట్టుకుంది.

మక్కలు ఊడ్చేసిన రోడ్డు మీద విమానం పరుగెత్తి లేచింది. ఆర్చి దగ్గర చేరిన జనం ఈలలు వేశారు, నరసింహ మైకు అందుకున్నాడు. కరపత్రాలు ఎక్కడో పక్కవాళ్ల పత్తి చేలో పడ్డాయి. బాలమణి అవేమీ చూడలేదు. ఫోన్లో గడియారం పట్టుకుని నిలబడింది. పది. పదకొండు. పన్నెండో నిమిషంలో ఆమె ఊపిరి బిగబట్టింది, అది ఎప్పుడు వదిలిందో ఆమెకే తెలియదు. పదహారో నిమిషానికి విమానం రోడ్డు మీద రెండు గెంతులు గెంతి దిగింది.

రోజారాణి జుట్టంతా చెదిరి, కళ్లు మెరుస్తూ దిగింది. బాలమణి చేతులు చాచి ఎదురు పోయింది. ఆ పిల్ల తల్లిని దాటుకుని ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి వెళ్లి, సత్యమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"అవ్వా, నా కోసమేనట గదా మూసినవ్?"

"ఏందో బిడ్డా," అంది సత్యమ్మ తలెత్తకుండా. "తప్పు జేస్తినంట. నాకేం తెల్వదంట."

"నీ తప్పేం లేదు. మంచిగనే మూసినవ్. కాకుంటె నోరే తప్పు వడ్డది. మూసేది గా నోరు గాదు," అని వెనక్కి తిరిగి తల్లి ముఖంలోకి చూసి, రోజారాణి ముక్కుతో "హుఁ" అంది.

అచ్చం బాలమణి "హుఁ". ఇన్నేళ్లు అది పంచిపెట్టిన మనిషికి, అది తగిలితే ఎక్కడ నొప్పిపుడుతుందో ఆ రోజే తెలిసింది.

సత్యమ్మకు అర్థం కాలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఏ నోరే?" అని అడిగింది, గురువారం అడిగినట్టే, తెలుసుకుందామని. నరసింహ, అన్వేష్, చాయ్ గ్లాసుల ఆరుగురూ అటే చూస్తున్నారు.

బాలమణి వెళ్లి కుర్చీ పక్కన కూలబడింది.

"నాదే అవ్వా," అంది అందరికీ వినబడేటట్టు. "నాదే. నువ్వు అడిగిననాడు సక్కగ జెప్పలే. ఇప్పుడు జెప్త ఇను, ముందుగాల్ల ఆ క్లిప్పు కాడికెళ్లి..."